గోడ అవతల డిస్ప్లే

శ్యామ్‌సుందర్ ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. కొత్తగా కొన్న గ్రాఫిక్స్ కార్డును కంప్యూటర్లో బిగించాలి. చనిపోయిన నటరాజు చేత రెండు మూడు సార్లు కళ్ళు ఆర్పించాలి. మధ్యాహ్నం భోజనాలకు ముందు ఆ వీడియోను పక్క హాల్లోని టీవీలో వేసి, బంధువులంతా చూసి కళ్ళు తుడుచుకున్నాక, తానూ వాళ్ళతో పాటు విస్తరి ముందు కూర్చోవాలి.

తిరుత్తణి బజారు వెనక సందులో అతనికి ఒక ఫోటో స్టూడియో ఉంది. దాన్ని ఆనుకొని ఒక చిన్న హాలు. పెళ్ళికి చాలదు గానీ సీమంతానికి, నిశ్చితార్థానికి, పెద్దకర్మకు సరిపోతుంది. స్టూడియోకూ హాలుకూ నడుమ ఒకటే గోడ, ఆ గోడకు పైన ఒక వెంటిలేటర్. హాల్లో ఏదైనా కార్యం జరిగినప్పుడు ఫోటోలు చూపించడానికి శ్యామ్ ఆ వెంటిలేటర్ గుండా ఒక పొడుగాటి వైరు లాగి పెట్టుకున్నాడు. దాని ఒక కొస అతని కంప్యూటర్ వెనక ఉంటుంది. రెండో కొస హాల్లో గోడకు బిగించిన పెద్ద టీవీ వెనక ఉంటుంది. ఈ రోజు ఆ హాల్లో నటరాజు పెద్దకర్మ.

నటరాజుకు బజార్లో చీరల అంగడి ఉండేది. అత్తిమంజేరిపేట నేతగాళ్ళ దగ్గర సరుకు తీసుకునేవాడు. శ్యామ్ తండ్రి కూడా ఆయనకే నేసి ఇచ్చేవాడు. చిన్నప్పుడు తండ్రి వెంట ఆ అంగడికి వెళ్ళినప్పుడల్లా శ్యామ్ ఒక దృశ్యం చూసేవాడు. నటరాజు చీరను విప్పి వెలుతురుకు ఎత్తి పట్టుకునేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. మొహంలో ఒక్క గీత కదిలేది కాదు. ఆ చూపు చీరను దాటి, దాని వెనక నిలబడ్డ మనుషుల్ని కూడా దాటి, ఇంకెక్కడికో పోతున్నట్టు ఉండేది. పోయిన ఏడాది ఆయన ఏదో లైసెన్సు కోసం ఫోటో తీయించుకోవడానికి స్టూడియోకు వచ్చినప్పుడు కూడా కెమెరాను అలాగే చూశాడు. "కొంచెం నవ్వండయ్యా" అన్నాడు శ్యామ్. "ఎందుకు?" అన్నాడాయన. అంతటితో ఫోటో అయిపోయింది.

ఇప్పుడు ఆ ఫోటోనే కదిలించి చూపించమన్నాడు ఆయన కొడుకు రాజేంద్రప్రసాద్. అతనికి తిరువళ్ళూరులో కాపురం, అక్కడే టైల్స్ వ్యాపారం. ఎవరో చనిపోయిన పెద్దాయన ఫోటోలోనుంచి కళ్ళు ఆర్పి నవ్విన వీడియో ఒకటి అతని ఫోన్‌కు వచ్చిందట. "మా నాయన కూడా అట్ల మమ్మల్ని చూడాల శ్యామ్" అన్నాడు. పక్కనే కూర్చున్న తల్లి వల్లియమ్మ, "ఆయన చూసింది చాలదా అప్పా, మళ్ళీ ఎందుకు" అని ఊరుకుంది. శ్యామ్ దగ్గరున్న పాత కార్డు ఆ పనికి చేతులెత్తేసింది. అందుకే చెన్నై పోయి కొత్తది తెచ్చుకున్నాడు.

ముందు రోజు సాయంత్రం, హాల్లో టీవీలో రంగులు ఎలా ఉంటాయో చూద్దామని అతను నటరాజు ఫోటోను వాల్‌పేపర్‌గా కంప్యూటర్ తెర నిండా పరిచాడు. తెర మీద ఉండే గుర్తులన్నీ దాచేసి, మొహం తప్ప ఇంకేమీ కనపడకుండా చేశాడు. రంగులు బాగున్నాయి. ఫోటోను అలాగే వదిలి కంప్యూటర్ కట్టేసి ఇంటికి పోయాడు.

పొద్దున పాత కార్డు తీసి కొత్తది పెట్టాడు. రెండు ఫ్యాన్లతో, ఇటుక అంత బరువుతో ఉందది. హాలుకు పోయే వైరు దానికి సరిగ్గా పట్టింది. స్టూడియోలోని అతని సొంత మానిటర్ మాత్రం బాగా పాతది. దాని వైరు పట్టే చోటే ఆ కార్డులో లేదు. సొరుగు వెతికితే ఎప్పుడో కొన్న కన్వర్టర్ ఒకటి దొరికింది. దాన్ని నడుమ తగిలించి, దండం పెట్టుకొని బటన్ నొక్కాడు.

ఫ్యాన్లు తిరిగాయి. కార్డు పక్కన ఎర్ర లైటు వెలిగింది. మానిటర్ మాత్రం నల్లగా ఉండిపోయింది. ఆ నల్ల అద్దంలో శ్యామ్‌కు తన మొహమే కనిపించింది.

అప్పుడే గోడ అవతల ఒక స్టీలు పళ్ళెం కింద పడింది. పడి, చాలా సేపు గుండ్రంగా తిరిగి, మెల్లగా ఆగింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

హాలు పదింటికి గానీ తెరవరని శ్యామ్‌కు తెలుసు. పిల్లి అయి ఉంటుందనుకొని కంప్యూటర్ కట్టేసి, కార్డును నొక్కి సరిచేసి, మళ్ళీ బటన్ నొక్కాడు. మళ్ళీ ఫ్యాన్లు తిరిగాయి, మళ్ళీ తెర నల్లగానే ఉంది. ఈసారి గోడ అవతలినుంచి ఒక ఏడుపు వినిపించింది. గట్టిగా కాదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఏడిస్తే వచ్చేలాంటి ఏడుపు. శ్యామ్ గబుక్కున బటన్ నొక్కి కంప్యూటర్ కట్టేశాడు. ఏడుపు ఆగిపోయింది.

అతను కాసేపు బటన్ వంక చూశాడు. తర్వాత తిరువళ్ళూరులో కంప్యూటర్లు బాగుచేసే అరవిందన్‌కు ఫోన్ చేశాడు.

"కొత్త కార్డు పెట్టినానప్పా. డిస్ప్లే రాలేదు."

"ఫ్యాను తిరగతా ఉండాదా అన్నా?"

"తిరగతా ఉండాది. లైటు కూడా ఎలగతా ఉండాది."

"బీప్ వచ్చిందా?"

"బీప్ రాలేదు. ఏడుపు వచ్చింది."

"కార్డులోనుంచా?" అన్నాడు అరవిందన్.

"గోడలోనుంచి."

"పొద్దున ఏమైనా తిన్నావా అన్నా?"

"కాఫీ తాగినా."

"సరే. ఇది ర్యామ్ ప్రాబ్లమ్ అయి ఉంటాది. ర్యామ్ తీసి, పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు ఉండాది కదా, దాంతో ఆ బంగారు అంచు మెల్లగా రుద్దు. ఫోను పెట్టేయొద్దు, స్పీకర్లో పెట్టు. నేను కూడా వింటాను."

శ్యామ్ చెప్పినట్టే చేశాడు. ర్యామ్ తీసి రుద్ది, ఊది, మళ్ళీ పెట్టి, బటన్ మీద వేలు పెట్టి ఒక నిమిషం ఆగాడు. "నొక్కన్నా" అన్నాడు అరవిందన్. నొక్కాడు.

గోడ అవతల గంట మోగింది. గంట వెంటే చాలా గొంతులు ఒక్కటిగా ఏదో అన్నాయి. మాటలు తెలియడం లేదు. అందరూ ఒకేసారి ఊపిరి పీల్చి ఒకేసారి వదిలినట్టు ఉంది.

"అన్నా" అన్నాడు అరవిందన్ గొంతు తగ్గించి, "నువ్వు స్టూడియోలో ఉండావా, గుళ్ళో ఉండావా?"

"స్టూడియోలోనే ఉండా. నువ్వు కూడా విన్నావు కదా?"

"విన్నా. ముందు దాన్ని ఆఫ్ చెయ్యి."

కట్టేశాడు. గంట ఆగిపోయింది. శ్యామ్ తల ఎత్తి వెంటిలేటర్ వంక చూశాడు. వైరు లోపలికి దిగే చోట సన్నటి పొగ ఒకటి వైరును పట్టుకొని జారుతున్నట్టు కిందికి దిగుతోంది. కర్పూరం వాసన. ఎండ ఇంకా పూర్తిగా రాని ఆ గదిలో, ఆ వాసనతో, శ్యామ్‌కు చిన్నప్పటి అంగడి గుర్తుకొచ్చింది. వెలుతురుకు ఎత్తిన చీర, దాని వెనక మాట్లాడని మొహం.

"అరవిందా, ఆయనకు ఇష్టం లేదేమోప్పా."

"ఎవరికి?"

"నటరాజయ్యకు. నన్ను కదిలించొద్దు అంటా ఉండాడేమో."

"అన్నా, చచ్చిపోయినోళ్ళు వచ్చి మదర్‌బోర్డులో కూర్చోరు. బోర్డు మీద రూపాయి బిళ్ళ అంత బ్యాటరీ ఉండాది చూడు. దాన్ని తీసి, కొంచెం సేపు ఆగి మళ్ళీ పెట్టు. అంతా మొదటికి వస్తాది."

అంతా మొదటికి వస్తుందన్న మాట శ్యామ్‌కు అంత నచ్చలేదు. అయినా బ్యాటరీ తీసి పెట్టాడు. ఎందుకైనా మంచిదని దేవుడి పటం దగ్గరున్న విభూతి తెచ్చి కంప్యూటర్ డబ్బా మీద మూడు గీతలు పెట్టాడు. ఆ సంగతి అరవిందన్‌కు చెప్పలేదు. బటన్ నొక్కి, కళ్ళు మూసుకొని, చెయ్యి మౌస్ మీద పెట్టుకొని అటూ ఇటూ కదిపాడు.

గోడ అవతలినుంచి ఒక మగ గొంతు, ఈసారి స్పష్టంగా, ఏడుస్తూ అంది: "నాయనా, నీకు ఏం కావాలో చెప్పు నాయనా. అట్ల చూడొద్దు."

శ్యామ్ స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఫోన్లో అరవిందన్, మంచి నీళ్ళు తాగి వచ్చిన మనిషిలా, "వేరే మానిటర్ ఏదైనా ఉండాదా అన్నా?" అన్నాడు.

"నా దగ్గర ఇదొక్కటే. హాల్లో టీవీ ఉండాది. దాని వైరు తగిలిచ్చే ఉండాను."

"అయితే పోయి దాంట్లో వస్తా ఉండాదేమో చూడు. నేను లోకల్ ట్రైను పట్టుకొని వచ్చేస్తాను."

"హాల్లోకా? ఆ గొంతు అక్కణ్ణించే కదప్పా వస్తా ఉండేది. నువ్వు ఫోన్లోనే ఉండు."

"ట్రైను తప్పిపోతాదన్నా" అని అరవిందన్ పెట్టేశాడు.

స్టూడియోనుంచి హాలు వాకిలికి పది అడుగులు కూడా ఉండవు. శ్యామ్ ఆ దూరం నడవడానికి చాలా సేపు తీసుకున్నాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది. బయట చెప్పులు గుంపుగా ఉన్నాయి. దయ్యాలు చెప్పులు విడిచి లోపలికి పోవు గనక అతనికి కొంచెం ధైర్యం వచ్చింది. తలుపు తోశాడు.

లోపల కిటికీలన్నీ మూసి ఉన్నాయి. సాంబ్రాణి పొగలో నటరాజు ఇంటివాళ్ళంతా నేల మీద బారులు తీరి, చేతులు జోడించి, గోడకు ఎదురుగా కూర్చున్నారు. ఆ గోడ మీద నటరాజు ఉన్నాడు. మనిషి కంటే పెద్ద మొహం. మెడలో చామంతుల దండ. కింద పళ్ళెంలో వెలుగుతున్న కర్పూరం ఆయన గడ్డం మీద, చెంపల మీద కదులుతోంది. ఆ వెలుతురుకు కళ్ళు కూడా కదులుతున్నట్టే ఉన్నాయి. అవి లోపలికి వచ్చిన శ్యామ్‌నే చూశాయి.

శ్యామ్ తలుపు పట్టుకొని నిలబడ్డాడు. అప్పుడు కనపడింది, నటరాజు ముక్కు పక్కన, తెల్లటి చిన్న బాణం గుర్తు. దాన్ని అతను రోజూ చూస్తాడు. ఇందాక కళ్ళు మూసుకొని కదిపిన మౌస్ తాలూకు బాణం అది. దండ వేసింది టీవీకి. కార్డు పొద్దుటినుంచీ బాగానే పనిచేస్తోంది. బొమ్మ పాత మానిటర్‌కు రాకుండా, వైరు పట్టుకొని నేరుగా ఇక్కడికి వస్తోంది.

"డిస్ప్లే వచ్చిందే" అన్నాడు శ్యామ్, తనకు తెలియకుండానే.

వెనక వరసలోని రాజేంద్రప్రసాద్ తిరిగి చూశాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నీకు కూడా కనపడతా ఉండాడా?" అన్నాడు.

"కనపడతా ఉండాడన్నా" అన్నాడు శ్యామ్. అది అబద్ధం కాదు.

రాజేంద్రప్రసాద్ అతన్ని ఒక స్తంభం చాటుకు తీసుకుపోయి జరిగింది చెప్పాడు. హాలు తాళం ముందు రోజే తీసుకోవడంతో వాళ్ళు పొద్దున్నే వచ్చేశారు. చెల్లెలు ధరణి టీవీ పనిచేస్తుందో లేదో చూద్దామని రిమోట్ నొక్కింది. తెర నల్లగా ఉంది. అలాగే వదిలేసింది. బంధువులు వచ్చేలోగా ఇంటి సంగతులు మాట్లాడుకుందామని అందరూ కూర్చున్నారు.

"అంగడి మూసేసి, ఆ చోటు సెల్‌ఫోన్ల వాళ్ళకు బాడుగకు ఇచ్చేస్తాం, అమ్మ తిరువళ్ళూరికి వచ్చి మాతో ఉంటాది, అన్నాను. ఆ మాట పూర్తి కాలేదు. నాయన వచ్చి నిలబడినాడు. ధరణి చేతిలో పళ్ళెం పడిపోయింది. సరే నాయనా, మూయను అన్నాను. వెంటనే పోయినాడు. మా మామ కలగజేసుకొని, సరుకంతా నాకిచ్చేయండి, నేను చూసుకుంటా అన్నాడు. మళ్ళీ వచ్చినాడు. ఆ చూపు నీకు తెలుసు కదా శ్యామ్. మా మామ అప్పట్నుంచీ బాత్రూములో ఉండాడు."

"తర్వాత?"

"పూజ చేసినాము, మళ్ళీ వచ్చి వెళ్ళినాడు. ఇప్పుడు వచ్చినాడు చూడు, పోవడం లేదు. ఏందో అడగతా ఉండాడు. మాకే తెలీడం లేదు."

"అన్నా, అది ఏందంటే" అని మొదలుపెట్టాడు శ్యామ్.

ముందు వరసలో, టీవీకి అందరికంటే దగ్గరగా కూర్చున్న వల్లియమ్మ తల తిప్పకుండానే అంది: "శ్యామూ, వెనక నీళ్ళ బిందె ఎత్తిపెట్టాల. ఇట్ల రా నాయనా."

హాలు వెనక తొట్టి దగ్గర ఎవరూ లేరు. బిందె ఎప్పుడో గట్టు మీదికి ఎత్తిపెట్టే ఉంది. వల్లియమ్మ తలుపు దగ్గరగా వేసి, కొంగు నడుముకు దోపుకుంది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ముక్కు పక్కన బాణం చూసినావా?"

"చూసినానమ్మా."

"ఆయన మొదటిసారి వచ్చినప్పుడే నేను చూసినా. అప్పుడు నుదుటి మీద ఉండింది. చచ్చిపోయినాయనకు బాణమెందుకు?"

"మరి వాళ్ళకు చెప్పకపోతిరే?"

వల్లియమ్మ తొట్టిలో చెయ్యి ముంచి, తడి చేత్తో మొహం తుడుచుకుంది. "ఆ అంగడికి వచ్చే ప్రతి చీరా ముందు ఇంట్లో నా చేతికి వచ్చేది. ఏది నిలబడతాది, ఏది పోతాది అని అన్నం తినేటప్పుడు నన్నడిగేవాడు. పొద్దున అంగట్లో అదే తన మాటగా చెప్పేవాడు. ఒకసారి, నేను కూడా వచ్చి గల్లా దగ్గర కూర్చుంటాను, ఇంట్లో సుమ్మా ఊరికే కూర్చొని ఏం చేసేది అన్నాను. చీరను చూసినట్టు చూసినాడు నన్ను. అంతే, బదులు లేదు. ఇప్పుడు నా కొడుకు కూడా నన్ను అడగలేదు. తీసుకొనిపోతానంటాడు."

శ్యామ్ మూసి ఉన్న తలుపు వంక చూశాడు.

"బతికున్నన్నాళ్ళు ఆయన నా పక్క ఒక్క మాట మాట్లాడలేదు. ఈ రోజు ఆయనకు తెలీకుండానే మాట్లాడతా ఉండాడు. నువ్వు పోయి కాదనొద్దు."

"తప్పు కదమ్మా?"

"తప్పే. అంగడి మూసేస్తే అత్తిమంజేరిపేటలో మీ వాళ్ళ మగ్గాలు ఎన్ని ఆగిపోతాయో నీకు తెలీదా? అది తప్పు కాదా?" ఆమె గొంతు తగ్గించింది. "నువ్వు ఇప్పుడు పోయి దాన్ని ఆపెయ్. బజారు పెద్దలు, తిరువళ్ళూరు బంధువులు అందరూ వచ్చి కూర్చున్నప్పుడు నేను ఒక మాట అడుగుతాను. గంగాళం మూత కింద పడేస్తాను. ఆ చప్పుడు నీకు వినపడతాది. అప్పుడు మళ్ళీ వెయ్. ఒక్కసారి చాలు."

శ్యామ్ తిరిగి వచ్చి కంప్యూటర్ కట్టేశాడు. గోడ అవతల అందరూ ఒక్కసారిగా నిట్టూర్చారు. పొద్దున దయ్యానికి భయపడిన మనిషికి మధ్యాహ్నానికి దయ్యానికి స్విచ్ వేసే ఉద్యోగం దొరికింది. అయినా భయం పూర్తిగా పోలేదు. నల్లటి మానిటర్‌కు వీపు పెట్టి కూర్చుందామని చూశాడు. అలా కూర్చుంటే వెనకనుంచి ఎవరో చూస్తున్నట్టు అనిపించింది. మళ్ళీ దాని వైపే తిరిగి కూర్చున్నాడు.

వల్లియమ్మ పని అంతటితో సులభంగా అయిపోయి ఉండేది. కానీ రాజేంద్రప్రసాద్ వాకిట్లోకి వచ్చి, నాయన పటానికి కట్టించిన ఫ్రేము బజార్లో అలాగే ఉండిపోయిందని, బంధువులను వదిలి తాను కదలలేనని, కొంచెం పోయి తీసుకురమ్మని అడిగాడు. కాదనడానికి శ్యామ్‌కు కారణం దొరకలేదు. బజార్లో ఆ రోజు కొండ మీది గుడికి పోయే జనం ఎక్కువగా ఉన్నారు. కావళ్ళ నడుమ, పూల బుట్టల నడుమ, ఫ్రేము అద్దం పగలకుండా గుండెకు హత్తుకొని అతను మెల్లగా వెనక్కి వచ్చాడు. ఫ్రేములోని నటరాజు దారి పొడుగునా ఎదురొచ్చే వాళ్ళను చూసుకుంటూ వచ్చాడు. ఒకరిద్దరు పక్కకు తప్పుకున్నారు.

స్టూడియోలోకి రాబోతూ గుమ్మంలోనే ఆగిపోయాడు.

తిరువళ్ళూరునుంచి వచ్చిన అరవిందన్ నేల మీద పద్మాసనం వేసుకొని కూర్చొని ఉన్నాడు. అతని ముందు న్యూస్‌పేపరు పరిచి ఉంది. పేపరు మీద గ్రాఫిక్స్ కార్డు ఒక పక్క, ర్యామ్ ఇంకో పక్క, స్క్రూలు ఒక కుప్ప. కంప్యూటర్ డబ్బా మూత తీసి, లోపలంతా ఖాళీగా, గోడకు ఆనించి ఉంది. వెనకనున్న వైర్లన్నీ పీకేసి ఉన్నాయి. హాలుకు పోయే పొడుగాటి వైరు కొస కూడా నేల మీద పడి ఉంది.

"ఏందప్పా ఇది?"

"మొదట్నుంచి ఒక్కొక్కటి చూస్తేనే తెలుస్తాదన్నా. డబ్బా మీద విభూతి ఎవరు పెట్టినారు?"

గోడ అవతల పెద్ద మూత ఒకటి గచ్చు మీద పడిన చప్పుడు వినిపించింది.

"పెట్టు" అన్నాడు శ్యామ్.

"ఏంది పెట్టేది?"

"కార్డు పెట్టు. వైర్లు పెట్టు. సీక్రం పెట్టప్పా."

"ఉండన్నా, ర్యామ్ లేకుండా ఎట్ల వస్తాది. ఆ చిన్న స్క్రూ యాడికి పోయిందో చూడు."

శ్యామ్ ఫ్రేమును మూలకు ఆనించి, నేల మీద కూర్చొని, రెండు చేతులతో కార్డు ఎత్తాడు. కార్డు గాడిలోకి దిగలేదు. తిప్పి పెట్టాడు. అప్పుడూ దిగలేదు. మూత ఇంకోసారి పడింది. ఈసారి కొంచెం గట్టిగా. ఆ తర్వాత అవతల ఒక ఆడ గొంతు ఏదో అడిగింది. వల్లియమ్మ గొంతు. మాటలు తెలియలేదు, అది ప్రశ్న అని మాత్రం తెలిసింది.

ఆ ప్రశ్న తర్వాత వచ్చిన నిశ్శబ్దం లాంటిది శ్యామ్ అంతకు ముందు ఎన్నడూ వినలేదు. అతను కార్డు చేత్తో పట్టుకొని అలాగే ఉండిపోయాడు. అరవిందన్ కూడా స్క్రూ వెతకడం మానేశాడు. వెంటిలేటర్ దగ్గర పొగ కూడా కదలకుండా నిలబడ్డట్టు ఉంది.

అప్పుడు అవతల చాలా మంది ఒకేసారి లేచి నిలబడిన చప్పుడైంది. ఎవరూ ఏడవలేదు. గంట మోగలేదు. కొంతసేపటికి ఎవరో దగ్గారు. ఆ తర్వాత విస్తళ్ళు పరిచే చప్పుడు, నీళ్ళు పోసే చప్పుడు మొదలయ్యాయి.

"అయిపోయింది" అన్నాడు శ్యామ్. కార్డును పేపరు మీద పెట్టి, ఫ్రేము తీసుకొని, వల్లియమ్మ కాళ్ళ మీద పడి తప్పయిందని చెప్పడానికి హాలుకు పోయాడు.

కిటికీలు తెరిచి ఉన్నాయి. టీవీ నల్లగా ఉంది. బజారు పెద్దలు ఎవరితో ఎవరూ మాట్లాడకుండా బంతిలో కూర్చుంటున్నారు. ఒక పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూనే ఉన్నాడు. రాజేంద్రప్రసాద్ అంగడి తాళం చెవులు రెండు చేతులతో పట్టుకొని తల్లి చేతిలో పెడుతున్నాడు. పక్కన ధరణి నిలబడి ఉంది.

"యాడికి పోయినావు శ్యామ్?" అన్నాడు రాజేంద్రప్రసాద్. "ఇంత సేపు ఉండి, సరిగ్గా అప్పుడే లేకుండా పోయినావే. నాయన వచ్చినాడు. నేను అంగట్లో కూర్చుంటాను, నీకు సమ్మతమా అని అమ్మే అడిగింది. అందరి ముందరా వచ్చినాడు."

శ్యామ్ అతని చేతిలో ఫ్రేము పెట్టాడు. టీవీ వంక చూశాడు. దండ అలాగే వేలాడుతోంది.

వల్లియమ్మ అతన్ని పక్కకు పిలిచింది. పొద్దుటినుంచీ తడవని ఆమె కళ్ళు ఇప్పుడు తడిసి ఉన్నాయి.

"ఈసారి ఆ బాణం కూడా తీసేసినావు" అంది మెల్లగా. "రెండోసారి మూత వేసినా రాకపోయేసరికి, నువ్వు భయపడి పారిపోయినావేమో అనుకున్నా. నేనే అడిగేసినా. అప్పుడు వచ్చినాడు. ముందు అందరినీ చూసినాడు. తర్వాత నా వైపు తిరిగినాడు. నన్నే చూసి, ఇట్ల" అని ఆమె తల కొంచెం కిందికి దించి మెల్లగా ఎత్తింది, "సరే అన్నట్టు తల ఊపినాడు. పెళ్ళైనప్పట్నుంచి నేనన్న మాటకు ఆయన అట్ల తల ఊపింది నేను చూడలేదు. యంత్రమే అని తెలుసు నాకు. అయినా చూస్తా ఉంటే ఒళ్ళు ఝల్లుమన్నది. ఎట్ల చేసినావు నాయనా?"

శ్యామ్ నోరు తెరిచాడు. ఆ ఫోటోను కదిలించే పని తాను ఇంకా మొదలే పెట్టలేదని చెప్పాలనుకున్నాడు.

"చెప్పొద్దులే. తెలిస్తే మళ్ళీ బాగుండదు" అని వల్లియమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకొని, తాళం చెవులు బొడ్లో దోపుకొని, వడ్డన చూడడానికి వెళ్ళిపోయింది.

శ్యామ్ విస్తరి ముందు కూర్చోలేదు. స్టూడియోకు తిరిగి వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగి లోపలికి చూశాడు. డబ్బా ఖాళీగా, మూత లేకుండా, గోడకు ఆనించి ఉంది. పొడుగాటి వైరు కొస అతను వదిలి వెళ్ళిన చోటే నేల మీద పడి ఉంది. అరవిందన్ కార్డును మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"తప్పు దొరికిందన్నా. కార్డు మంచిదే. నీ కన్వర్టరే పనికిరాదు. దాని వల్లే నీ మానిటర్‌కు బొమ్మ రాలేదు. హాల్లో టీవీకి మాత్రం వచ్చుంటాది, చూసినావా?"

"చూసినా" అన్నాడు శ్యామ్. లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "నేను హాలుకు పోయే ముందర, మూత పడినప్పుడు, దీన్ని ఏమైనా ఆన్ చేసినావా అరవిందా?"

"దేన్ని ఆన్ చేసేదన్నా? కార్డు నీ చేతిలోనే కదా ఉండింది. కరెంటు వైరు నేను వచ్చినప్పుడే పీకేసినా." అతను కార్డును వెలుతురుకు ఎత్తి, అంచులు ఒకసారి చూసుకున్నాడు. "ఇప్పుడు పెట్టి చూపించేదా?"

శ్యామ్ వెంటిలేటర్ వంక చూశాడు. గోడ అవతల భోజనాల సందడి వినపడుతోంది.

"వద్దులేప్పా, బయటే ఉండనీ" అన్నాడు. "బాగానే పనిచేస్తా ఉండాది."